ఒకరు కొట్టిన లాడం

రాఘవమ్మ వెదురు పుల్లతో జట్కా గుర్రం నెమలి గిట్టల్లో పేరుకున్న పేడను గీకి తీస్తూ ఉంది. మూడు కాళ్ళు అయిపోయాయి. ముందరి ఎడమకాలిని ఎప్పుడూ చివరకే ఉంచుకుంటుంది. మిగతా మూడింటికీ తట్టి, బుజ్జగించి, భుజంతో నెట్టి అడగాలి. ఈ ఒక్క కాలిని మాత్రం గుర్రం అడగకముందే ఎత్తి ఇస్తుంది. కాసేపైనా దానిమీద బరువు మోపకుండా ఉండవచ్చు గదా.

గుర్రం కుంటడంతో జట్కాను గోడవారకు నెట్టి అప్పటికి పన్నెండు రోజులు. గురువారాల్లో ఏ.యస్.పేట దర్గాకు పోయే జనం, సంగం దాకా పోయే బేరాలు, అన్నీ ఆత్మకూరు స్టాండులో మిగిలిన పది బండ్లకు పోతున్నాయి. ఆమె తండ్రి పెంచలయ్య ఇంటిపట్టున ఉండడం ఎరగని మనిషి. ఏం చేయాలో తోచక వసారాలో కూర్చొని తాడు పేనుతున్నాడు. ఈ పన్నెండు రోజుల్లో ఆయన పేనిన తాడు నాలుగు బావులకు సరిపోతుందని నాయనమ్మ రోశమ్మవ్వ లెక్క కట్టింది.

సోమవారం దాకా చూస్తానని పెంచలయ్య చెప్పాడు. సోమవారం మర్రిపాడు నుంచి గుర్రాల బేరగాడు జనార్దనయ్య వస్తాడు. కుంటి గుర్రాన్ని ఆయన ఏం చేసుకుంటాడని రాఘవమ్మ అడిగితే తండ్రి తాడు వంక చూశాడు. అవ్వే చెప్పింది.

“ఇటికెల బట్టీకాడ కట్టేస్తాడు. మట్టి మోసినన్ని దినాలు మోస్తాది.”

గుర్రం పోతే తండ్రి ఈ వయసులో ఇంకొకరి బండి తోలాలి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మర్నాడు రాఘవమ్మ ఒక కార్డు కొని తెచ్చి, “లాడాల రహమతుల్లా సాయిబు గారికి, కోట కింద వీధి, ఉదయగిరి” అని రాసి డబ్బాలో వేసింది. మిలిటరీలో ఇరవై ఏళ్ళు గుర్రాలకు లాడాలు కొట్టి వచ్చిన మనిషి అని వింజమూరు జట్కావాళ్ళు చెప్పుకుంటుండగా విన్నది. అంతకుమించి ఆయన్ని గురించి ఏమీ తెలియదు. కార్డు వేసిన సంగతి నిన్న మధ్యాహ్నం అన్నం దగ్గర తండ్రికి చెప్పింది. పెంచలయ్య ముద్ద మింగి, నీళ్ళు తాగి, “రానీ” అన్నాడు. ఆ మాటలో ఇష్టం ఉందో లేదో ఆమెకు అంతుపట్టలేదు.

ఇష్టం లేకపోవడానికి కారణం ఉంది. నెమలి మూడేళ్ళ పిల్లగా ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ, ఈ ఆరేళ్ళూ, దానికి లాడాలు కొట్టింది శీనయ్య. శీనయ్య రాఘవమ్మకు మేనమామ. తల్లి పోయేనాటికి ఆమెకు ఐదేళ్ళు. ఆ తర్వాత తల్లి పుట్టింటి వైపు నుంచి ఈ గడప తొక్కిన మనిషి ఆయనొక్కడే. పండుగకు కోక తెచ్చినా, జ్వరానికి కషాయం తెచ్చినా ఆయనే. అలాంటివాణ్ణి ఊళ్ళో పెట్టుకొని పరాయి ఊరివాడిచేత గుర్రం కాలు పట్టించడమంటే, ఇక నీ రాకపోకలు వద్దని మొహాన చెప్పడమే.

“గుర్రం పోతే ఇంకో గుర్రం వస్తాది. బామ్మర్ది పోతే యాణ్ణించి తెస్తాం?” అన్నాడు పెంచలయ్య, కుంటు మొదలైన కొత్తల్లో.

రాఘవమ్మకు తెలిసింది వేరే. పొద్దున్నే కళ్ళాపి చల్లిన వాకిట్లో గుర్రాన్ని నీళ్ళకు నడిపించుకుపోతే తడి మన్నులో అడుగులు అచ్చు దిగుతాయి. ఆ అచ్చులను ఆమె మూడేళ్ళుగా చూస్తూ ఉంది. చూడాలని చూడలేదు. ముగ్గు వేయాలంటే వాటిని చెరపాలి, చెరపాలంటే చూడాలి. ఆ అచ్చులు ఏటేటా సన్నబడుతున్నాయని ఒకరోజు అనిపించింది. చీపురు పుల్ల విరిచి వెడల్పు కొలిచి, ఆ పుల్లను కొట్టం చూరులో దోపింది. ఆరు నెలలకు ఇంకొకటి. అట్లా చూరులో ఇప్పుడు ఐదు పుల్లలున్నాయి. మొదటిదానికీ చివరిదానికీ వేలి మందం తేడా ఉంది.

గుర్రం ఎదిగింది గాని కాలు తరిగింది. ఇది ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియలేదు.

*

ఉదయగిరి బస్సు పది దాటాక వచ్చింది. వాకిట్లో నిలబడి “పెంచలయ్య ఇల్లు ఇదేనా” అని అడిగిన మనిషి సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉన్నాడు. ఏళ్ళ తరబడి గుర్రాల కాళ్ళు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నవాళ్ళకు ఆ వంపు వస్తుంది. శీనయ్యకూ ఉంది. తెల్లగడ్డం, చేతిలో తోలుసంచి.

మజ్జిగ ఇస్తే నిలబడే తాగాడు. గుర్రం దగ్గరకు వెంటనే పోలేదు. వసారా అరుగు మీద కూర్చొని, దూరం నుంచి దాన్ని చూస్తూ మాట్లాడాడు.

“కార్డు రాసింది ఎవురు?”

“నేనే తాతా.”

“రాత బాగుండాది. నా పేరు తప్పు లేకుండా రాసేది మా ఊళ్ళో పోస్టుమానుకు కూడా చేతగాదు.” చెంబు కింద పెట్టాడు. “నడిపించు చూద్దాం.”

ఆమె పగ్గం పట్టుకొని వాకిట్లో అటూ ఇటూ నడిపించింది. రెండు మూడుసార్లు. సాయిబు మొదట ఎదుటి నుంచి చూశాడు, తర్వాత వెనక నుంచి. తర్వాత గుర్రాన్ని వదిలేసి నేలమీద అచ్చులు చూశాడు. ఆ పని చేసిన మనిషిని ఆమె మొదటిసారి చూస్తూ ఉంది.

చివరకు ఎడమకాలు ఎత్తి పట్టుకున్నాడు. లాడం అంచు వెంట బొటనవేలు పెట్టి నొక్కుకుంటూ పోయాడు. మడమ దగ్గర నొక్కగానే గుర్రం ఒళ్ళు జలదరించింది. గిట్ట నడుమ మెత్తగా ఉండాల్సిన చోట వేలు పెట్టి చూసి, ఆ వేలు వాసన చూశాడు. కాలు దించాడు.

“కొట్టినోడు ఎవురు?” అని అడిగాడు.

పెంచలయ్య తాడు పక్కన పెట్టాడు. “మా బామ్మర్ది. ఈ ఊరే.”

“పిలిపించు.”

“ఆయనెందుకు సాయిబూ? కాలు చూసినావు, ఏం చెయ్యాలో నువ్వు చెయ్యి. మేం తర్వాత ఆయనతో మాట్లాడుకుంటాం.”

సాయిబు తల అడ్డంగా ఊపాడు. “మా పనిలో ఒక కట్టు ఉండాది పెంచలయ్యా. ఒకరు కొట్టిన లాడం ఇంకొకరు పెరకరు. కొట్టినోడే వచ్చి పెరకాల. లేదంటే పెరకమని వాడి నోటితో వాడు చెప్పాల. రేపు కాలు చెడితే ఎవరి చేతి తప్పో తేలేది ఎట్టా మరి?”

“అతను రాకపోతే?”

“నేను మూడు గంటల బస్సెక్కి పోతా.”

“చచ్చినోడు కొట్టిన లాడమైతే?” అని అడిగింది రోశమ్మవ్వ గడప లోపల నుంచి.

“అప్పుడు పెరకొచ్చు పెద్దమ్మా.”

“మావాడు నిక్షేపంగా ఉండాడు. ఏం చేస్తాం.”

సాయిబు గడ్డంలో నవ్వాడు. పెంచలయ్యకు నవ్వు రాలేదు. ఆయన బిడ్డ వంక చూశాడు. నువ్వు తెచ్చిన తంటా ఇది అన్నట్లు చూశాడో, నువ్వే పోయి పిలుచుకురా అన్నట్లు చూశాడో. రాఘవమ్మ పగ్గం గుంజకు కట్టి, పైట సర్దుకుంది. అంతలో ఆయనే లేచాడు.

“నువ్వు పోతే ఏడిపిస్తాడు. నేను పోతా.”

తువ్వాలు దులిపి భుజాన వేసుకొని వీధిలోకి పోయాడు. శీనయ్య అంగడి నాలుగు వీధుల అవతల. నడిస్తే ఎంతోసేపు పట్టదు. ఆయనకు గంట పట్టింది.

ఆ గంటలో సాయిబు ఏం చేయవచ్చో రాఘవమ్మకు చెప్పాడు. ఆమె అడగబట్టే చెప్పాడు.

“నాలుగు లాడాలూ తియ్యాల. కత్తి లోపల పెట్టకూడదు. అడుగున ఉండేది ఎంత చెత్తగా కనపడినా దాన్ని ముట్టకూడదు. అంచు మాత్రం ఆకురాయితో గుండ్రంగా రాయాల, పెచ్చులు లేవకుండా. ఆపైన నలభై దినాలు తడి నేలమీద నడవాల. చెరువు వారన నడిపించగలవా?”

“నడిపిస్తా.”

“రోజూ?”

“రోజూ నీళ్ళకు పొయ్యేది ఆడికే తాతా.”

“గిట్ట మన గోరు మాదిరి. పైనుంచి కిందికి రావాల. తొందరపెడితే రాదు. మడమలు ఇప్పుడు రెండూ ఒకదానికొకటి ఆనుకొని ఉండాయి, మూసిన పుస్తకం మాదిరి. అవి తెరుచుకోవాల. తెరుచుకున్నాక, అప్పుడుండే కాలికి అప్పుడు కొలత తీసి లాడం చెయ్యాల.”

“బాగవుతాదా?”

ఆయన గుర్రం ఎడమకాలి వంక చూశాడు. “ఈ దినం మొదలుపెడితే అవుతాది. బట్టీ కాడికి పొయ్యినాక అయితే కాదు” అన్నాడు.

బట్టీ సంగతి తాను కార్డులో రాయలేదు. అవ్వ ఎప్పుడో మజ్జిగ పోస్తూ చెప్పి ఉంటుంది.

*

శీనయ్య వస్తూనే నవ్వుతూ వచ్చాడు. భుజాన పనిముట్ల గోతం. వెనక పది అడుగుల దూరంలో పెంచలయ్య.

“ఏందత్తా, గుర్రానికి పెళ్ళిచూపులా, ఇంతమంది కూడినారు?” అన్నాడు అవ్వతో.

“పెళ్ళిచూపులే నాయనా. పెళ్ళికూతురికి చెప్పులు బిగుతైనాయంట.”

“ఎవురు చెప్పినారు? పెళ్ళికూతురే చెప్పిందా?” గోతం దించి, సాయిబు వైపు తిరిగి చెయ్యి ఎత్తాడు. “సలాం సాయిబూ. ఉదయగిరి నుంచి ఇంత దూరం బస్సులో వచ్చినారంట. మా పాప కార్డు రాసిందంట. నాకు మాత్రం నాలుగు వీధులు దాటి ఒక మాట రాలేదు.”

రాఘవమ్మ తల వంచుకుంది. శీనయ్య ఆమెను అంతకంటే ఏమీ అనలేదు. ఆయనకు కోపం వస్తే నవ్వు ఎక్కువవుతుంది. ఇప్పుడు చాలా నవ్వుతూ ఉన్నాడు.

“చెప్పండి. ఏం తప్పు కనపడింది నా పనిలో?”

“తప్పని నేననలేదు. మడమలు నొక్కుకొని ఉండాయి. కొన్నాళ్ళు లాడాలు లేకుండా వదిలితే మేలు” అన్నాడు సాయిబు.

“లాడాలు లేకుండా జట్కా గుర్రమా?” శీనయ్య పెంచలయ్య వంక తిరిగాడు. “విన్నావా బావా? సంగం రోడ్డు కంకరమీద రెండు దినాలు నడిచిందంటే గిట్ట అటుకులు రాలినట్టు రాల్తాది. మిలిటరీ లెక్కలు మనకు పనికిరావు. వాళ్ళకు ఒక గుర్రం కుంటితే దొరలు ఇంకొకటి ఇస్తారు. మనకెవురిస్తారు?”

“అందుకే కుంటకుండా చూసుకొనేది” అన్నాడు సాయిబు.

“ఈ గుర్రం వడ్లబస్తాలు వేసుకొని వస్తా గుంటలో కాలు పెట్టింది. నరం పట్టింది. పట్టు వేస్తే పోతాది. దానికీ నా లాడానికీ సంబంధం ఏంది? స్టాండులో పదకొండు బండ్లుండాయి. పదకొండింటికీ నా చెయ్యే. వాటి గిట్టలు చూడండి, తామరమొగ్గల మాదిరి ఉంటాయి. నెల్లూరు నుంచి వచ్చినోళ్ళు కూడా ఆత్మకూరు గుర్రాల కాళ్ళు ఎంత చిన్నగా, ఎంత సోగ్గా ఉండాయని మెచ్చుకొని పోతారు.”

అది నిజమే. జట్కావాళ్ళందరికీ ఆ గొప్ప ఉంది. గిట్ట చిన్నదైతే గుర్రం జాతిదని. పెంచలయ్య కూడా బేరానికి వచ్చినవాళ్ళతో నెమలి కాళ్ళ గురించే ముందు చెప్పేవాడు. ఆడపిల్ల పాదాల్లాగ ఉంటాయని.

“చిన్నగా పుట్టినాయా, చిన్నగా అయినాయా?” అని అడిగాడు సాయిబు.

శీనయ్య నవ్వాడు. “అది దేవుణ్ణి అడగాల.”

రాఘవమ్మ అప్పటికి ఏమీ మాట్లాడదలుచుకోలేదు. కాని తండ్రి ఆ మాటకు తల ఊపడం చూసింది. కొట్టంలోకి పోయి, చూరులోంచి ఐదు చీపురు పుల్లలూ తీసుకువచ్చి, అరుగు మీద వరసగా పెట్టింది. ఒక కొస గోడకు ఆనించి సమానం చేసింది.

“ఇవేంది పాపా?” అన్నాడు శీనయ్య.

“దాని అడుగు వెడల్పు మామా. ఆర్నెల్లకొకసారి తీసినా. ఎడమకాలిది.”

ఎవరూ దగ్గరకు రాలేదు. దూరం నుంచే కనబడుతూ ఉంది. మెట్లు దిగినట్లు ఒకదానికంటే ఒకటి పొట్టి.

“మా పాప చదువుకొని కరణీకం చెయ్యాల్సింది” అన్నాడు శీనయ్య కాసేపటికి. ఈసారి నవ్వలేదు. “తడిలో అచ్చులు ఎట్టయినా పడతాయి. మెత్తటి మన్నులో వెడల్పు, గట్టి మన్నులో సన్నం.”

“ఒకే చోట తీసినా మామా. నీళ్ళు చల్లిన చోట.”

పెంచలయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏ మాటనైనా చివరిదాకా దాచుకొని, దాచుకోలేనప్పుడు మెల్లగా బయటపెడతాడు.

“శీనయ్యా. నేను నీ అంగడికి వచ్చి అడిగినా. ఇంట్లో ఇంకొకసారి అడగతా ఉండా. లాడాలు నువ్వే పెరుకు. నీ చేత్తోనే. తర్వాత ఏం చెయ్యాలో అందరం కూర్చొని చూద్దాం. బాగుంటే మళ్ళా నువ్వే కొడుదువు.”

శీనయ్య బావ ముఖం వంక చూశాడు. ఆ ఇంట్లో ఆయన్ని ఎవరూ ఏదీ రెండుసార్లు అడగాల్సి వచ్చినట్లు లేదు.

“సరే బావా” అని గోతం మూతి విప్పాడు.

*

పని మొదలుపెట్టాక శీనయ్య వేరే మనిషి. మాట ఉండదు, నవ్వు ఉండదు. వెనక కుడికాలు తొడమీదికి లాక్కున్నాడు. గిట్ట బయటికి వచ్చి మడతపడిన మేకుమొనలను ఆకురాయితో రాసి, మడమ దగ్గర పటకారు దూర్చి, లోపలివైపు వంచాడు. ఒక పక్క, ఇంకొక పక్క, మళ్ళా మొదటి పక్క. లాడం మేకులతో సహా ఊడి వచ్చింది. ఎడమచేతి వైపు పడేసి, కాలు వదిలేశాడు. ఆయన ఎప్పుడూ కాలు దించడు, వదిలేస్తాడు. గిట్ట టక్కుమని నేలకు తగులుతుంది. వెనక ఎడమకాలు కూడా అట్లాగే.

ముందర కుడికాలు ఊడదీసేసరికి ఆయన మెడమీద చెమట పట్టింది. మూడు లాడాలు నేలమీద పడి ఉన్నాయి. శీనయ్య లేచి నడుం నిమురుకుంటూ, “నీళ్ళు పాపా” అన్నాడు. రాఘవమ్మ చెంబు తెచ్చి ఇచ్చింది. 

సాయిబు అంతవరకూ అరుగు దిగలేదు. ఇంకొకరు పని చేస్తుంటే దగ్గర నిలబడడం మర్యాద కాదని కాబోలు. ఇప్పుడు దిగివచ్చి, ముందరికాలి లాడాన్ని తీసుకున్నాడు. మట్టి పంచె కొంగుతో తుడిచాడు. వెలుతురుకు ఎత్తి పట్టుకొని చూశాడు. తిప్పి చూశాడు. మిగతా రెండూ తీసి, మూడింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాడు. అంచులు కలిశాయి.

“ముందరికీ వెనకకీ ఒకటే అచ్చా?” అని అడిగాడు, ఎవరినీ ఉద్దేశించకుండా.

“ఒకటే” అన్నాడు శీనయ్య. “మంచి ఇనుము. మిలిటరీ సరుకు. యుద్ధం అయిపొయినాక మద్రాసులో వేలం వేస్తే ఒక బండెడు తెచ్చినా. ఇంకా అర గోతం ఉండాయి. మీ సరుకే గదా సాయిబూ, గుర్తుపట్టలేదా?”

“గుర్తుపట్టినా.”

ఆయన లాడాన్ని మళ్ళీ నేలమీద పెట్టాడు. ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. ఇంక ఏమీ చెప్పేటట్లు లేడు. రాఘవమ్మకు ఆ ఊరుకోవడం నచ్చలేదు. ఆమె స్వయంగా ఎక్కువగా ఊరుకునే మనిషి కాబట్టి, ఇంకొకరు ఊరుకుంటే దాని వెనక ఏదో ఉందని తెలుస్తుంది.

“ఏంది తాతా?”

“ఏం లేదు.”

“ఏదో ఉండాది. చెప్పు తాతా. సోమవారం దాటితే టైం లేదు మాకు.”

సాయిబు పెంచలయ్య వంక చూశాడు, తర్వాత శీనయ్య వంక. తిట్టుగాని ఎగతాళిగాని లేని గొంతుతో చెప్పాడు.

“గుర్రం లాడం చంద్రవంక మాదిరి గుండ్రంగా ఉంటాది బిడ్డా. ఇది చూడు, కోలగా ఉండాది. పక్కలు నిలువుగా ఉండాయి. ఇది గుర్రానిది కాదు. కంచరగాడిదది. మిలిటరీలో తుపాకులు మోసే కంచరగాడిదలు వేలకు వేలు ఉండె. వాటి కాలు సన్నం. వాటికి చేసిన లాడాలు ఇయ్యి.”

వీధిలో ఎవరో కోళ్ళను అదిలిస్తున్నారు.

“నేను ఒక మాట చెప్తా శీనయ్యా, తప్పు పట్టొద్దు” అన్నాడు సాయిబు. “ఇయ్యి మంచి ఇనుమే. కొలిమిలో కాల్చి వెడల్పు చేసుంటే గుర్రానికి కూడా సరిపొయ్యేవి. నువ్వు లాడాన్ని సాగదియ్యలేదు. గిట్టను చెక్కినావు. ప్రతిసారీ కొంచెం. లోపల మెత్తటిదాన్ని కూడా కోసి శుభ్రం చేసినావు. వెనకకాళ్ళు గుర్రానికి కూడా సన్నమే, అవి ఓర్చుకున్నాయి. ముందరియ్యి ఓర్చుకోలేదు.”

“అవి గాడిదలవని వేలంలో ఎవురూ చెప్పలేదు” అన్నాడు శీనయ్య.

గొంతు మామూలుగానే ఉంది. అయితే అది జవాబు కాదని ఆయనకే తెలిసినట్లు, ఆ మాట చెప్పి చేతిలో చెంబు వంక చూశాడు. నీళ్ళు ఇంకా తాగలేదు. చెంబు అరుగు మీద పెట్టాడు.

రోశమ్మవ్వ ఏదో అనబోయింది. పెంచలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. అవ్వ నోరు మూసుకోవడం రాఘవమ్మ ఎప్పుడూ చూడలేదు.

ఆమె మనసులో పుల్లలు పోయి బండ్లు లెక్కకు వచ్చాయి. స్టాండులో పది. పది గుర్రాలకు ముందరికాళ్ళు ఇరవై. మస్తానయ్య బండి గుర్రం పోయిన నెల నుంచి ఎడమపక్కకు ఒరిగి నడుస్తూ ఉంది. దాన్ని చూసి అందరూ మస్తానయ్యకు తోలడం రాదన్నారు. శీనయ్య కూడా అన్నాడు.

“ఆ ఒక్కటీ పెరుకు శీనయ్యా” అన్నాడు పెంచలయ్య. మెత్తగానే అన్నాడు. “అయిందేదో అయింది. తెలియక చేసినావు. అది కూడా పెరికితే సాయిబు తన పని తాను చేసుకుంటాడు.”

శీనయ్య ఎడమవైపుకు వచ్చాడు. వంగకముందే నెమలి కాలు ఎత్తి ఇచ్చింది. ఆయన దాన్ని మోకాళ్ళ మధ్యకు తీసుకున్నాడు. పటకారు తియ్యలేదు. బొటనవేళ్ళు రెండూ మడమకు రెండు పక్కలా పెట్టాడు, సాయిబు పెట్టినచోటే. నొక్కలేదు. ఊరికే పెట్టి ఉంచాడు. గుర్రం చెవులు వెనక్కి పోయి, మళ్ళీ ముందుకు వచ్చాయి. ఆరేళ్ళుగా తెలిసిన చేతులు.

చాలాసేపు అట్లాగే వంగి ఉన్నాడు. రాఘవమ్మకు ఆయన వీపు మాత్రం కనబడుతూ ఉంది. చొక్కా చెమటకు అంటుకొని ఉంది.

తర్వాత ఆయన ఆ కాలిని రెండు చేతులతో కిందికి దించాడు. గిట్ట నేలకు తగిలిన చప్పుడు కాలేదు.

లేచి ఆకురాయి గోతంలో వేశాడు. సుత్తి వేశాడు. పటకారు వేశాడు. నేలమీది మూడు లాడాలు ఏరి, అవి కూడా వేశాడు. గోతం మూతి తాడుతో బిగించి కట్టడం చూసి సాయిబు ముందుకు వచ్చాడు.

“శీనయ్యా, నీకు పెరకబుద్ధి కాకపోతే వద్దు. పెరకమని నాతో ఒక్క మాట చెప్పు. అంతే చాలు. నేను పెరుకుతా.”

శీనయ్య గోతం భుజానికెత్తుకున్నాడు.

“మామా” అంది రాఘవమ్మ.

ఆయన ఆగాడు. ఆమె వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏముందో ఆమె పోల్చుకోలేకపోయింది. అరుగు మీది ఐదు పుల్లలనూ చూశాడు, తన బావను చూశాడు. పెదవులు కదిలినట్లే అనిపించింది. సాయిబు తల కొంచెం వంచి, వినడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

శీనయ్య వాకిలి దాటాడు. నెమలి మళ్ళీ ఎడమకాలు ఎత్తి, ఎవరూ అందుకోకపోతే, మెల్లగా దించుకుంది. రాఘవమ్మ గడప దాకా పరుగున పోయి చూసింది. ఆయన ఒక్క మాట లేకుండా, వెనక్కి తిరగకుండా, పోతూనే ఉన్నాడు. అంగడి ఉన్న వీధిలోకి కాదు. తన చేతి లాడాలతో పది గుర్రాలు నిలబడి ఉండే స్టాండు వైపుకు.